ఎడమవైపు స్లయిడు

నా జీతం ఎలుకల మీద నడుస్తుంది. కొండాపూర్‌లో ఒక అద్దాల భవనం ఐదో అంతస్తులో కూర్చుని, కొత్త మందులు తాగించిన మగ ఎలుకల వీర్యనాళాలను కంప్యూటర్ తెర మీద చూస్తాను. కణాలు బాగున్నాయా, మందు దెబ్బకు చెడ్డాయా అని గుర్తులు పెడతాను. గేదెలకూ గొర్రెలకూ వైద్యం చేద్దామని పశువైద్యం చదివినవాణ్ని. బతికున్న జంతువును ముట్టుకుని ఏళ్లయింది. పెళ్లిళ్లలో బంధువులెవరైనా ఏం పని అని అడిగితే "సాఫ్ట్‌వేరే" అనేస్తాను. విస్తరి ముందు కూర్చున్న మనిషికి ఎలుక నాళాల సంగతి చెప్పి అన్నం తిననివ్వకపోవడం పాపం కదా.

అయినా ఆ నాళమంటే నాకు ఇష్టం. గర్వం కూడా. వృషణం పక్కనే ఉండ చుట్టి కూర్చునే సన్నటి గొట్టం అది. మెలికలు విప్పి నేలమీద పరిస్తే ఎలుకదే మనిషి కంటే పొడవుంటుంది. పొట్టేలుదైతే మా అపార్టుమెంటు ఈ గేటు నుంచి ఆ గేటు దాకా వస్తుంది. దాని లోపల జాకెట్టుకు అస్తరు వేసినట్టు ఒక కణాల పొర ఉంటుంది. పొడుగాటి కణాలు ఒకదాన్నొకటి ఆనుకుని నిలబడి ఉంటాయి. వాటి తలల మీద కదలని సన్నటి వెంట్రుకలు. వాటి పాదాల దగ్గర చిన్న కణాలు కొన్ని, ఎవరికీ కనపడకూడదన్నట్టు ముడుచుకుని ఉంటాయి. ఈదడం రాని బీజం ఈ దారిలో నడిచి నడిచి, కొస దగ్గరికి వచ్చేసరికి ఈదడానికి తయారవుతుంది. అక్కణ్నుంచి నాళం తిన్నగా, గట్టిగా మారుతుంది. అడ్డంగా కోసి చూస్తే మధ్యలో నక్షత్రం ఆకారంలో ఇరుకు రంధ్రం, దాని చుట్టూ అస్తరు, ఆ చుట్టూ మూడు వరసల కండరం. లోపలి వరస నిలువుగా, నడిమిది చుట్టుగా, బయటిది మళ్లీ నిలువుగా. ఎలుకైనా, పొట్టేలైనా, మనిషైనా ఇదే పద్ధతి. ఇది నాకు తెలిసినంత బాగా ఈ ఊళ్లో ఇంకెవరికీ తెలియదని అనుకునేవాణ్ని. ఆ అనుకోవడమే నా కాపురానికి నిప్పు పెట్టింది.

ఇక్కడ మా పనిలోని ఒక పద్ధతి చెప్పాలి. మాకొచ్చే ప్రతి స్లయిడు మీదా అదేమిటో ముందే రాసి ఉంటుంది. ఏ ఎలుక, ఏ అవయవం, కుడా ఎడమా, అన్నీ. కోసినవాళ్లు రాస్తారు, మేం నమ్ముతాం. ఇన్నేళ్లలో ఏ స్లయిడునూ "నువ్వెవరు?" అని నేను అడగలేదు. "నీకేమైంది?" అనే అడిగాను. అస్తరు ఊడిపోయి కనపడితే కోసేటప్పుడో, మైనంలో పెట్టేటప్పుడో నలిగిందని అర్థం. దానికో గడి ఉంది, "తయారీలో లోపం" అని. అందులో టిక్కు పెట్టి తరవాతి స్లయిడుకు పోతాం.

నా భార్యది కాకినాడ వైపు. రాయదుర్గంలో ఒక కంపెనీలో ఇతరులు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు పట్టే ఉద్యోగం. నాది ఇక్కడి ఊరే. ఇప్పుడు టవర్లు లేచిన చోట మా నాయన గొర్రెలు మేపాడు. మాకిద్దరు పిల్లలు. రెండో కాన్పులో ఆమెకు రక్తపోటు ఎంత పెరిగిందంటే, డాక్టరమ్మ నన్ను బయటికి పిలిచి, ఇంకో కాన్పు ఈ మనిషి తట్టుకోలేదని మెల్లిగా చెప్పింది. ఆమెకే ఆపరేషన్ చేస్తే మళ్లీ మత్తు, మళ్లీ కోత. అందుకని నేను చేయించుకుంటానన్నాను.

"మీరెందుకండీ? ఆడవాళ్లే కదా చేయించుకునేది," అంది నా భార్య. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ నీళ్లు నాకెంత నచ్చాయో ఇప్పుడు ఒప్పుకోవాలి. చుట్టుపక్కల మగాళ్లెవరూ చేయని పని నేను చేస్తున్నానని పొంగిపోయాను.

మా అమ్మ మా దగ్గరే ఉంటుంది. ఆమె మాత్రం పొంగలేదు. "మొగోడివి, నీకేందిరా ఆపరేషను? రేపు బరువెత్తాలన్నా, బండి నడపాలన్నా సత్తువ ఉండొద్దా?" అని రెండు రోజులు నాతో మాట్లాడలేదు. నేను కాగితం మీద బొమ్మ గీసి, ఇక్కడ కోస్తారు, ఇక్కడ కడతారు, ఒంటికేం కాదు అని పాఠం చెప్పాను. బొమ్మను అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది మీ నాయిన రోజూ చేసిన పనేగదరా. నువ్వు పుస్తకం పట్టుకొని చెప్పబడితివి," అంది.

మియాపూర్‌లో మా ఇంటికి దగ్గర్లోనే ఒక చిన్న నర్సింగ్ హోమ్‌లో అరగంటలో పనైపోయింది. డాక్టరు పెద్దాయన. రెండు పక్కలా కోసిన ముక్కల్ని చిన్న డబ్బీల్లో వేసి, ఒకదాని మీద కుడి, ఇంకోదాని మీద ఎడమ అని రాశాడు. "ల్యాబుకు పంపమంటే పంపుతాను. ఎలా ఉన్నా మూడు నెలలాగి వీర్యం పరీక్ష మాత్రం చేయించుకోవాలి. అందులో సున్నా వచ్చేదాకా ఆపరేషన్ అయినట్టు కాదు," అన్నాడు.

"డబ్బీలు నాకియ్యండి సార్. నేనే చూసుకుంటా. నా పనే అది," అన్నాను. ఆయన నవ్వి ఇచ్చేశాడు. ఆ మాట అన్నప్పుడు నాకెంత హాయిగా ఉందో చెప్పలేను.

డబ్బీలు ఆఫీసుకు తీసుకుపోయాను. మా ల్యాబులో మైనం దిమ్మల్ని బ్లేడుతో పలచగా కోసి రంగులు వేసే ఆమె ఒకరున్నారు. నా కంటే పెద్దావిడ, ఆ చేతికి తిరుగులేదు. "ఒక కుక్కది మేడమ్, కాలేజీ వాళ్లు పంపిన్రు. మన ఎలుకల నడుమ పెట్టి చెయ్యరాదూ," అన్నాను. అలా కుక్కనయ్యాను. నాలుగు రోజులకు నా ఒంట్లోని రెండు ముక్కలు గులాబీ, నీలం రంగుల్లో నా బల్ల మీదికి వచ్చాయి.

కుడివైపుది ముచ్చటగా ఉంది. నక్షత్రం, అస్తరు, కదలని వెంట్రుకలు, మూడు వరసల కండరం. పుస్తకంలో అచ్చేయొచ్చు. ఎడమవైపుది అంత బాగా లేదు. ముక్క నలిగింది. కండరం మందంగా ఉంది, నిలువు వరస, చుట్టు వరస కనపడుతున్నాయి. మధ్యలో రంధ్రం వంకరటింకరగా ఉంది. అస్తరు లేదు. రంధ్రంలో నాలుగైదు ఎర్ర రక్తకణాలున్నాయి. పట్టకారుతో పట్టినప్పుడు అస్తరు ఊడిపోయింది, కోసినప్పుడు రక్తం లోపలికి వచ్చింది అనుకున్నాను. డబ్బీ మీద ఎడమ నాళం అని ఉంది కదా. మనసులోనే ఆ గడిలో టిక్కు పెట్టేశాను.

ఇంటికొచ్చి, "రెండూ తెగినయి. నా కండ్లతోని చూసిన," అని చెప్పాను.

"అయినా డాక్టరు గారు చెప్పిన టెస్టు చేయించేసుకోండి, ఓ పనైపోతుంది," అంది నా భార్య.

మూడు నెలలయ్యాక మళ్లీ గుర్తు చేసింది. ఆ తరవాత ఇంకోసారి. నాకంతకంటే పెద్ద సర్టిఫికెట్టు ఏముంటుందని కసిరాను. అందులో సగమే నిజం. మిగతా సగం సిగ్గు. ఆ ల్యాబు మా వీధి మలుపులోనే ఉంది. కౌంటర్లో కూర్చునే అబ్బాయి మా అపార్టుమెంటులోనే ఉంటాడు. వాడి చేతిలోంచి మూతున్న డబ్బా తీసుకుని, పక్కగదిలోకి పోయి, మళ్లీ తెచ్చి వాడికే ఇవ్వాలి. రోజుకు వంద ఎలుకల నాళాలు చూసే మనిషికి తన డబ్బా ఇంకొకరికివ్వడానికి సిగ్గేసింది.

ఏడాది తిరక్కముందే, ఒక శుక్రవారం పొద్దున పిల్లల్ని బడి బస్సెక్కించి వచ్చాక, నా భార్య బాత్రూమ్‌లోంచి గర్భపరీక్ష పట్టీ పట్టుకుని వచ్చింది. దాని మీద రెండు గీతలున్నాయి.

"ఏమండీ, మీ ఆపరేషన్ ఫెయిలయినట్టుంది," అంది. భయపడుతూనే నవ్వింది. ఇద్దరం కలిసి పడాల్సిన కష్టమేదో వచ్చిందనుకుంది పాపం.

"ఎట్లయితది?" అన్నాను.

"ఎలా అంటే ఏం చెప్తాం? అవుతూ ఉంటాయట కదా."

"అయ్యేది గాదు. రెండు దిక్కులా తెగినయి. స్లయిడు నా దగ్గరుంది." అంతటితో ఆగి ఉంటే బాగుండేది. ఆగలేదు. "పోయిన నెల మీ టీమోళ్లంతా రెండు రోజులు ఎక్కడికో పోయిన్రు గదా. నువ్వూ పోయినవు గదా?" అన్నాను.

కాలు జారితే తీసుకోగలం, నోరు జారితే తీసుకోలేం అని చిన్నప్పుడు నల్లబల్ల మీద రాయించేవారు. వంద సార్లు రాసినా నాకెక్కలేదన్నమాట.

ఆమె పట్టీని వాష్‌బేసిన్ గట్టు మీద పెట్టి, చేతులు కడుక్కుంది. తుడుచుకుంది. "ఆ టెస్టు చేయించుకోండి. ఇవాళే," అంది.

"నాకేం అవసరం లేదు."

అప్పుడే వెళ్లి ఉంటే ఒక్క పూటలో తేలిపోయేది. కానీ పరీక్షకు పోవడమంటే నా కన్ను తప్పని ఒప్పుకోవడం. తా పట్టిన కుందేటికి మూడే కాళ్లన్నవాడికి నేనేమీ తీసిపోను. పదకొండు రోజులు పోలేదు.

ఆ పదకొండు రోజులూ ఇంట్లో మాటలన్నీ పిల్లల చుట్టూ తిరిగాయి. పాపకు డ్రాయింగ్ పుస్తకం కావాలట. బాబుకు దగ్గు తగ్గలేదు. అంతే. ఒక పొద్దున ఆమె స్నానానికి పోతే ఆమె ఫోను తెరిచి చూశాను. ఎవరి ప్రోగ్రాములోనో తప్పుల జాబితా, అపార్టుమెంటు గ్రూపులో నీళ్ల ట్యాంకరు గొడవ, వాళ్ల అక్కకు పంపిన మా బాబు ఫొటో ఉన్నాయి. ఫోను ఎక్కడిదక్కడ పెట్టి బయటికి వచ్చాను. నా మీద నాకే రోత పుట్టింది. అయినా అనుమానం పోలేదు. ఆఫీసులో రోజూ ఎడమవైపు స్లయిడును తెర మీద తెరిచేవాణ్ని. రోజూ అది నేననుకున్నట్టే కనపడేది.

ఇంట్లో ఏదో జరిగిందని మా అమ్మ పసిగట్టింది. పదో రోజు పొద్దున నా భార్య ఆఫీసుకు వెళ్లాక, వంటగదిలో చిక్కుడుకాయలు తుంచుతూ, "ఏందిరా, ఆ పిల్ల అన్నం ముద్ద మింగుత లేదు. ఏమన్నవు?" అని అడిగింది. చెప్పాను. కొడుకు పక్షమే మాట్లాడుతుందనుకున్నాను. కోడలు ఆంధ్రా పిల్లని మొదట్లో మూతి తిప్పుకున్న మనిషే కదా.

మా అమ్మ చిక్కుడుకాయలు పక్కన పెట్టింది. "మీ నాయిన ఎన్ని పొట్టేళ్లకు విత్తులు కొట్టిండో ఎరుకేనా? రెండు కట్టెల నడుమ నరాలు పెట్టి నలగ్గొట్టెటోడు. ఊరోళ్లందరు ఆయన తానికే తోలుకొచ్చెటోళ్లు. గంత చెయ్యి తిరిగినోడికి గూడ ఒక్కోపాలి ఒక దిక్కు నరం జారిపొయ్యేది. మంద సూడి కడితే ఏం జేసిండు? గొర్రెను పట్టుకొని, ఏడికి పోయినవే అని అడిగిండా? పొట్టేలును పండబెట్టి మళ్ల తడిమి చూసిండు."

నేను కిందపడ్డ చిక్కుడుకాయ తీసి గిన్నెలో వేశాను.

"పొట్టేలును చూడకుంట గొర్రెను అడిగినవు. గొర్లకాడి బుద్ధి గూడ లేకపాయె నీకు," అని మళ్లీ చిక్కుళ్లు ఒళ్లోకి తీసుకుంది.

మర్నాడు ఆఫీసులో ఆ మైనం దిమ్మను వెతికి తీసి, ల్యాబు మేడమ్ దగ్గరికి వెళ్లాను. ఇంకొంచెం లోపలికి కోసి, సాగే పీచు నల్లగా కనపడే రంగు వేయమని అడిగాను. ఆ పీచు రక్తనాళాల గోడల్లో దండిగా ఉంటుంది. ఎందుకని ఆమె అడగలేదు. మధ్యాహ్నం భోజనాలయ్యాక పిలిచింది. అప్పటికే మైక్రోస్కోపు కింద పెట్టి చూస్తోంది.

"సార్, డబ్బీ మీద తప్పు రాసినట్టున్నరు. ఇది వీర్యం నాళం కాదు. సిర," అంది.

నేను కన్ను పెట్టి చూశాను. అస్తరు ఊడిపోలేదు. అసలు లేనేలేదు. రంధ్రం అంచున బల్లపరుపు కణాలు ఒక్క వరస ఉన్నాయి, రక్తనాళాల్లో ఉండేలాంటివి. గోడ పొడవునా నల్లటి పీచులు తీగల్లా పరుచుకుని ఉన్నాయి. లోపలికి కోసిన ఈ ముక్కలో రంధ్రం నిండా రక్తకణాలే. వృషణం దగ్గరి సిరలకు కండరం మందంగా ఉంటుంది, నిలువు వరస, చుట్టు వరస కూడా ఉంటాయి, పైపైన చూస్తే నాళంలాగే కనపడతాయి. ఇదంతా నేను చదవంది కాదు. పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నవాణ్నే. డాక్టరు చెయ్యి తప్పింది, నిజమే. అలా తప్పుతుందనే ఆయన మూడు నెలల పరీక్ష చెప్పాడు. ఆ పరీక్షను వద్దనుకుని, డబ్బీ మీది రాతను నమ్మి, ఇంట్లో మనిషి మాటను నమ్మనివాణ్ని నేను.

"కుక్క బాగనే ఉందా సార్?" అని అడిగింది మేడమ్. నా మొహం చూసి స్లయిడు తీసి నా చేతిలో పెట్టింది.

బండి తీసుకుని కొత్తగూడ మీదుగా ఇంటికి వచ్చాను. నా భార్య ఆ రోజు సెలవు పెట్టింది. మంచం మీద కూర్చుని ఉతికిన బట్టలు మడతపెడుతోంది. ఎదురుగా నిలబడి మొత్తం చెప్పాను. ఎడమవైపుది సిర అని, తప్పు నాదేనని, ఆ రోజు అన్న మాటకు నా నాలుక కోసినా పాపం లేదని. ఏడ్చాను కూడా.

ఆమె బాబు చొక్కా మడతపెట్టి పక్కన పెట్టింది. "మీ స్లయిడు చెప్పింది కాబట్టి నమ్మారు. పదకొండు రోజులు నేను మీ ఎదురుగానే ఉన్నానండీ," అంది.

కోపంగా అని ఉంటే కాళ్ల మీద పడేవాణ్ని. మామూలుగా అంది. తరవాత పాప గౌను తీసుకుంది. రక్తపోటు మళ్లీ పెరిగిందని, రెండుసార్లు తనొక్కతే వెళ్లి చూపించుకుందని, ఉంచుకుంటే ప్రాణం మీదికొస్తుందని డాక్టరమ్మ చెప్పిందని, రేపు పొద్దున పదింటికి రమ్మందని చెప్పింది.

"నేనొస్త. నా సంతకం కావాలె గదా," అన్నాను.

"అక్కర్లేదుట. నాది సరిపోతుందిట." గౌను మడతపెట్టి, "నాకు ఉంచుకోవాలని ఉందో లేదో కూడా మీరు అడగలేదు," అంది.

అడగబోయాను. చెయ్యి అడ్డం పెట్టింది. "ఇప్పుడు అడక్కండి," అంది.

మర్నాడు ఆస్పత్రిలో వరండాలో కూర్చున్నాను. తలుపు సగం తెరిచి ఉంది. లోపల నర్సు కాగితం నింపుతూ కారణం అడిగింది. "మా ఆయన ఆపరేషన్ చేయించుకున్నారండి, ఫెయిలయింది," అంది నా భార్య. ఆ గొంతులో నా మీద చాడీ లేదు. నర్సు, "అయ్యో, మంచాయనే పాపం," అంది. ఆమె అవునంది. పదకొండు రోజుల్లో నేను ఒక్కసారి కూడా చేయలేని పనిని, నన్ను వెనకేసుకు రావడాన్ని, ఆమె ఆ మంచం ఎక్కే ముందు చేసింది. అక్కడ కూర్చుని తలెత్తలేకపోయాను.

తరవాత ఎడమవైపు మళ్లీ కోయించుకున్నాను. మూడు నెలలాగి మా వీధి మలుపులోని ల్యాబుకే పోయి, ఆ అబ్బాయి చేతికే డబ్బా ఇచ్చాను. వాడు నా మొహం కూడా చూడలేదు, నంబరు రాసుకుని లోపల పెట్టాడు. ఇంత దానికా అనిపించింది. సున్నా వచ్చింది. చేతులు కాలాక పట్టుకున్న ఆ ఆకును తెచ్చి ఆమె ముందు పెట్టాను. చదవలేదు. పిల్లల టీకాల కార్డులున్న ఫైల్లో పెట్టి బీరువా మూసేసింది.

ఇప్పుడు ఆఫీసులో ఏ స్లయిడు వచ్చినా ముందు పేరున్న చోట వేలు అడ్డం పెట్టి చూస్తాను. కుర్రవాళ్లు నవ్వుకుంటారు. నవ్వనీ.

మేం విడిపోలేదు. గొడవలు కూడా లేవు. కూర బాగుందంటే ఇంకొంచెం వేస్తుంది. జ్వరమొస్తే నుదుటి మీద చెయ్యి పెడుతుంది. అంతా మామూలుగానే ఉందని చుట్టాలు అనుకుంటారు. కానీ ఆస్పత్రి నుంచి వచ్చి మళ్లీ పనిలో చేరిన రోజు సాయంత్రం, నా ఫోనుకు ఆమె నుంచి ఒక ఫొటో వచ్చింది. రాయదుర్గంలో వాళ్ల ఆఫీసు ముందు బస్‌స్టాప్. కింద "బస్సు కోసం చూస్తున్నాను" అని ఉంది. అరగంట తరవాత ఇంకోటి, బస్సు కిటికీలోంచి కొండాపూర్ ట్రాఫిక్. ఆ మర్నాడూ వచ్చాయి. టీమ్ భోజనమైతే బల్ల చుట్టూ ఉన్నవాళ్లందరూ కనపడేలా పంపుతుంది.

మొదటి వారంలోనే చేతులు పట్టుకుని చెప్పాను. "నేను అడగలే గదా. ఎందుకిట్ల? బంద్ చెయ్యి."

"మీకు చూస్తే గానీ తెలియదు కదండీ," అంది. ఎత్తిపొడుపు కాదు. నా గురించి తెలుసుకున్న సంగతి ఒకటి చెప్పిందంతే.

రెండేళ్లయింది. ఒక్క రోజు కూడా మానలేదు. ఇది రాస్తుండగానే ఫోను మోగింది. వానలో తడిసిన బస్సు అద్దం, దాని వెనక మసగ్గా దుకాణాల దీపాలు. "కొత్తగూడ దాటాను," అని రాసింది.